ప్రకటనకు జవాబు రాయండి

ఉద్యోగ ప్రకటన కనబడగానే చాలామంది పాత మెయిల్లోంచి కవర్ లెటర్ తీసి, కంపెనీ పేరు మార్చి, రెజ్యూమే జతచేసి పంపేస్తారు. ఆ ఉత్తరంలో ఏముంటుందో మనకు తెలుసు. మీ ప్రతిష్ఠాత్మక సంస్థ, కష్టపడే తత్వం, నలుగురితో కలిసి పనిచేసే గుణం, అవకాశమిస్తే నిరూపించుకుంటాననే హామీ. ఇందులో అబద్ధం ఒక్కటీ లేకపోవచ్చు. అయినా చదివిన మేనేజరుకు మీ గురించి కొత్తగా ఏమీ తెలియదు. ఆ ఉత్తరం కింద ఎవరు సంతకం పెట్టినా సరిపోతుంది కాబట్టి.

రెజ్యూమే మీ చదువు, ఉద్యోగాల వివరాలను వరుసగా చెబుతుంది. ఎవరికి పంపినా అది దాదాపు ఒకేలా ఉంటుంది. కవర్ లెటర్ అలా ఉండకూడదు. అది ఒక ప్రకటనకు, ఒక కంపెనీకి మీరిచ్చే జవాబు. 'మీకు ఫలానా పని చేసేవాళ్లు కావాలన్నారు. ఆ పని నేను ఫలానా చోట ఇలా చేశాను' అని చెప్పడమే దాని బాధ్యత. ఈ ఒక్క సంగతి మనసులో నిలిస్తే ఏం రాయాలో, ఏం వదిలేయాలో దానంతటదే తేలుతుంది.

ఎక్కడ కావాలి, ఎక్కడ అక్కర్లేదు

ఏపీపీఎస్సీ, టీజీపీఎస్సీ, బ్యాంకు ఉద్యోగాల ఐబీపీఎస్ వంటి వాటికి కవర్ లెటర్ పనిలేదు. ఆన్‌లైన్ ఫారం సరిగ్గా నింపడం, అడిగిన సర్టిఫికెట్లు ఎక్కించడం, పరీక్ష రాయడం, అంతే. కాలేజీలో జరిగే క్యాంపస్ సెలెక్షన్లలోనూ దాని అవసరం పెద్దగా రాదు. నౌకరీ, లింక్డ్‌ఇన్ లాంటి చోట్ల ఒక్క నొక్కుతో దరఖాస్తు వెళ్లిపోయే ఉద్యోగాలకు అది మీ ఇష్టం.

ప్రకటనలో మెయిల్ ఐడీ ఇచ్చి 'రెజ్యూమే పంపండి' అన్నప్పుడు మాత్రం ఉత్తరం పనిచేస్తుంది. యజమానో, మేనేజరో స్వయంగా దరఖాస్తులు చూసే చిన్న, మధ్యతరహా కంపెనీల్లో ఇంకా ఎక్కువ పనిచేస్తుంది. స్కూళ్లు, ఆసుపత్రులు, స్వచ్ఛంద సంస్థలు, ఆడిటర్ల ఆఫీసులు ఈ కోవలోకే వస్తాయి. తెలిసినవాళ్ల ద్వారా రెజ్యూమే పంపేటప్పుడు కూడా రాయండి. మిమ్మల్ని సిఫార్సు చేసే మిత్రుడు తన మేనేజరుకు ఏం చెప్పాలో మీ ఉత్తరమే అతనికి అందిస్తుంది. చదివిన కోర్సు ఒకటి, అడుగుతున్న ఉద్యోగం ఇంకొకటి అయినప్పుడు, మధ్యలో కొన్నేళ్లు ఉద్యోగం లేనప్పుడు, ఊరు మారాలనుకున్నప్పుడు రెజ్యూమే ఒక్కటే చూసేవాళ్లకు సందేహాలు వస్తాయి. వాటిని తీర్చే చోటు ఉత్తరమే.

రామానుజన్ రాసిన రెండు ఉత్తరాలు

గణిత మేధావి శ్రీనివాస రామానుజన్ 1912 ఫిబ్రవరి 9న మద్రాసు పోర్ట్ ట్రస్టుకు ఒక దరఖాస్తు రాశారు. అడిగింది గుమాస్తా ఉద్యోగం. ఆ ఉత్తరం కొద్ది వాక్యాల్లోనే ముగుస్తుంది. మీ ఆఫీసులో గుమాస్తా పోస్టు ఖాళీగా ఉందని తెలిసింది, దానికి దరఖాస్తు చేస్తున్నాను అని మొదలుపెట్టారు. మెట్రిక్యులేషన్ పాసయ్యాను, ఎఫ్.ఏ. (ఇప్పటి ఇంటర్మీడియట్ స్థాయి) దాకా చదివాను, ప్రతికూల పరిస్థితుల వల్ల చదువు ముందుకు సాగలేదు అని చెప్పారు. అప్పట్నుంచి కాలమంతా గణితానికే వెచ్చిస్తున్నానని, ఉద్యోగమిస్తే పనికి న్యాయం చేయగలనని నమ్మకంగా ముగించారు. ప్రెసిడెన్సీ కాలేజీ గణిత ఆచార్యుడు మిడిల్‌మాస్ట్ ఇచ్చిన సిఫార్సు లేఖ జతచేశారు. మార్చి 1న అకౌంట్స్ విభాగంలో చేరారు. జీతం నెలకు 30 రూపాయలు.

తర్వాతి ఏడాది, 1913 జనవరి 16న, కేంబ్రిడ్జిలోని గణితవేత్త హార్డీకి ఆయన రాసిన ఉత్తరం ప్రపంచానికంతటికీ తెలిసింది. అందులో తాను పోర్ట్ ట్రస్టులో గుమాస్తానని నాలుగు ముక్కల్లో చెప్పి, ఆ వెంటనే తాను కనుగొన్న సిద్ధాంతాలను పేజీలకు పేజీలు రాసి జతచేశారు. తాను ప్రతిభావంతుణ్నని వాదించాల్సిన అవసరం ఆయనకు రాలేదు. ఆ పని సిద్ధాంతాలే చేశాయి.

మనిషి ఒక్కడే, ఉత్తరాలు రెండు. పోర్ట్ ట్రస్టు చీఫ్ అకౌంటెంటుకు సిద్ధాంతాల పట్టిక పంపలేదు. ఆయనకు కావలసింది చదువెంత, లెక్కలు వచ్చా, పూచీ ఎవరు అన్నవే. హార్డీకి మార్కుల లిస్టు పంపలేదు. ఆయనకు కావలసింది గణితం. చదివేవాళ్లకు ఏది అవసరమో అదే రాసి, అన్నమాటకు రుజువు పక్కనే పెట్టడం ఈ రెండింట్లోనూ ఉంది. చదువు ఆగిపోయిన సంగతిని ఒక్క వాక్యంలో, దాచకుండా, జాలి కోరకుండా చెప్పి ముందుకు సాగడమూ అందులో ఉంది. మనం నేర్చుకోవలసిన పద్ధతి ఇంతే.

ముందు ప్రకటన చదవండి

ఒక నమూనా ప్రకటన తీసుకుందాం. హైదరాబాద్ శివార్లలోని ఒక ప్యాకేజింగ్ పరిశ్రమకు అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ కావాలి. అర్హత బీకాం, అనుభవం రెండు నుంచి నాలుగేళ్లు. ట్యాలీ ప్రైమ్, జీఎస్టీ రిటర్నులు, బ్యాంక్ రీకన్సిలియేషన్, బాకీల ఫాలోఅప్ తెలిసి ఉండాలి. ఆడిట్ సమయంలో ఆడిటర్లకు సహకరించాలి. వెంటనే చేరగలిగేవారికి ప్రాధాన్యం.

పెన్ను తీసుకుని ఇందులో పనిని చెప్పే మాటల కింద గీత గీయండి. తర్వాత ఒక్కో మాట వెనక ఆ కంపెనీ ఇబ్బంది ఏమై ఉంటుందో ఆలోచించండి. బాకీల ఫాలోఅప్ అని ప్రత్యేకంగా రాశారంటే మార్కెట్లో డబ్బు ఆగి ఉండొచ్చు. వెంటనే చేరాలన్నారంటే ఆ సీటు ఖాళీగా ఉండొచ్చు. నెలనెలా రిటర్నులు వేసే వ్యాపారానికి జీఎస్టీఆర్-1 గడువు మరుసటి నెల 11, జీఎస్టీఆర్-3బీ గడువు 20. కోసుకున్న టీడీఎస్ మామూలుగా 7వ తేదీకల్లా కట్టాలి. సీటులో మనిషి లేకపోతే ఈ తేదీలు దాటిపోతాయన్న కంగారు ఆ మేనేజరుకు ఉంటుంది. మీ ఉత్తరం ఆ కంగారుకు జవాబు చెప్పాలి.

తర్వాత ఒక తెల్లకాగితాన్ని నిలువుగా మడవండి. ఎడమవైపు వాళ్లు అడిగినవి రాయండి. కుడివైపు, ఒక్కోదానికి ఎదురుగా, మీరు చేసిన పని రాయండి. 'తెలుసు', 'వచ్చు' అన్న మాటలు కుడివైపు రాయకండి. ఎక్కడ చేశారు, ఎంత చేశారు, దానివల్ల ఏమైంది, ఇవే రాయండి. అన్నిటికీ ఎదురుగా రాయడానికి ఉండకపోవచ్చు. మూడింటికి గట్టిగా దొరికితే ఉత్తరానికి సరిపడా సరుకు ఉన్నట్టే. ఒక్కదానికీ ఏమీ దొరక్కపోతే ఆ ఉద్యోగం మీకు సరైనదేనా అని ఆలోచించుకోవచ్చు. అది తెలియడం కూడా లాభమే.

ఆ ప్రకటనకు ఒక ఉత్తరం

గుంటూరు జిల్లాలో ఒక స్పిన్నింగ్ మిల్లులో మూడేళ్లుగా అకౌంట్స్ అసిస్టెంటుగా ఉన్న వ్యక్తి ఈ ఉద్యోగానికి రాస్తున్నారనుకోండి. అసలు ఉత్తరం ఇంగ్లీషులో వెళ్తుంది. విషయం మాత్రం ఈ వరుసలో ఉండొచ్చు:

"నమస్కారం. మీ సంస్థలో అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాను. గుంటూరు జిల్లాలోని ఒక స్పిన్నింగ్ మిల్లులో మూడేళ్లుగా అకౌంట్స్ చూస్తున్నాను. మీరు అడిగిన జీఎస్టీ రిటర్నులు, బ్యాంక్ రీకన్సిలియేషన్, బాకీల ఫాలోఅప్ మూడూ ఇప్పుడు నా చేతిమీదుగానే జరుగుతున్నాయి.

నెలకు సుమారు 300 అమ్మకం బిల్లులు ట్యాలీ ప్రైమ్‌లో ఎక్కించి, జీఎస్టీఆర్-1, 3బీ సిద్ధం చేస్తాను. ఈ మూడేళ్లలో లేట్ ఫీజు కట్టిన నెల లేదు. కొనుగోలు బిల్లులను ప్రతినెలా జీఎస్టీఆర్-2బీతో సరిచూస్తాను. గత ఆర్థిక సంవత్సరంలో సప్లయర్లు ఎక్కించకుండా వదిలేసిన 14 బిల్లులను అలా గుర్తించి, వాళ్లచేత ఎక్కించాను. రెండు లక్షల రూపాయలకు పైగా ఇన్‌పుట్ క్రెడిట్ చేజారకుండా నిలిచింది.

తొంభై రోజులు దాటిన బాకీల జాబితా ప్రతి సోమవారం తీసి, పార్టీలతో నేనే మాట్లాడతాను. ఏడాదిలో ఆ బాకీలు దాదాపు సగానికి తగ్గాయి. రెండేళ్లుగా ఆడిట్‌కు లెడ్జర్లు, వోచర్లు సిద్ధం చేసి, ఆడిటర్ల ప్రశ్నలకు జవాబులు ఇస్తున్నాను.

నా నోటీస్ పీరియడ్ 30 రోజులు. హైదరాబాద్‌లో ఉండి పనిచేయడానికి సిద్ధంగా ఉన్నాను. రెజ్యూమే జతచేశాను. మీకు వీలైన రోజు చెబితే వచ్చి కలుస్తాను."

ఇంతే. ఒక పేజీకి లోపే ముగిసింది. ఇందులో కష్టజీవి, నిజాయితీపరుడు, బాధ్యత కలవాడు అన్న మాటలు ఎక్కడా లేవు. లేట్ ఫీజు కట్టిన నెల లేదన్నప్పుడే బాధ్యత కనిపించింది. వదిలేసిన బిల్లులు వెతికి పట్టుకున్నానన్నప్పుడే శ్రద్ధ కనిపించింది. మొదటి పేరాలోనే ఉద్యోగం పేరు, అనుభవం, అడిగిన పనులు వచ్చేశాయి. రోజంతా దరఖాస్తులు చూసే మనిషి ఆ నాలుగు వాక్యాలు చదివి ఆపేసినా ఈ దరఖాస్తును పక్కన పెట్టుకోవడానికి అది చాలు.

ఇంకో సంగతి గమనించండి. వెంటనే చేరాలని ప్రకటనలో ఉంది. ఈయన 30 రోజులు పడుతుందని ఉన్నమాట చెప్పారు. చేరే తేదీ విషయంలో తర్వాత మాట మార్చుకోవడంకంటే ముందే చెప్పడం మేలు. మిల్లు పేరు, పార్టీల పేర్లు, బాకీల మొత్తం ఉత్తరంలో లేవు. మిల్లు పేరు రెజ్యూమేలో ఎలాగూ ఉంటుంది. తక్కినవి ఇప్పటి యజమాని వ్యాపార రహస్యాలు. సగానికి తగ్గింది, మూడో వంతు పెరిగింది అంటే సరిపోతుంది. ఇవాళ ఒకరి లెక్కలు బయటపెట్టే మనిషి రేపు తమవీ బయటపెడతారని కొత్త కంపెనీకి అనుమానం వస్తుంది.

'ఇవన్నీ చెప్పుకుంటే గొప్పలు పోయినట్టు ఉండదా?' అని చాలామంది వెనకాడతారు. మన ఇళ్లలో సొంత డబ్బా కొట్టుకోవద్దని చెప్పి పెంచారు కాబట్టి ఆ సంకోచం సహజమే. కానీ చేసిన పనిని చేసినట్టు చెప్పడంలో గొప్పలేమీ లేవు. నేను చాలా తెలివైనవాణ్ని అనడం గొప్పలు. 14 బిల్లులు పట్టుకున్నాను అనడం లెక్క. లెక్క చెప్పడానికి మొహమాటపడకండి. మీరు చెప్పకపోతే ఆ కంపెనీకి చెప్పేవాళ్లు వేరే ఎవరూ లేరు.

అనుభవం లేనివాళ్లు ఏం రాయాలి

ఫ్రెషర్లు తమ దగ్గర చెప్పడానికేమీ లేదనుకుంటారు. ఉద్యోగం చేసి ఉండకపోవచ్చు, పని చేయకుండా ఎవరూ లేరు. ఫార్మా కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగానికి రాస్తున్న ఎమ్మెస్సీ కెమిస్ట్రీ విద్యార్థిని ఉదాహరణకు తీసుకుందాం. జీడిమెట్లలోనో, పరవాడ ఫార్మా సిటీలోనో ఒక పోస్టు పడితే అదే డిగ్రీతో, అవే మార్కులతో ఎందరో పోటీపడతారు. 'కెమిస్ట్రీ అంటే ఆసక్తి' అని రాస్తే ఆ గుంపులో కలిసిపోవడమే. దానికి బదులు ఇలా రాయొచ్చు: "ప్రాజెక్టులో భాగంగా పారాసిటమాల్ మాత్రల అస్సే హెచ్‌పీఎల్‌సీ మీద చేశాను. మొబైల్ ఫేజ్ నేనే తయారుచేసుకుని, ఆరు ఇంజెక్షన్లతో సిస్టమ్ సూటబిలిటీ చూశాక శాంపిల్ పెట్టేదాన్ని. నోట్‌బుక్‌లో తప్పు పడితే వైట్‌నర్ వాడకుండా ఒక్క గీతతో కొట్టేసి, పక్కన సంతకం, తేదీ వేసే అలవాటు ల్యాబులోనే నేర్చుకున్నాను." ఈ చివరి వాక్యం విలువ ఫార్మాలో పనిచేసేవాళ్లకు బాగా తెలుసు. రికార్డులు సరిగ్గా లేక ఆడిట్లలో మాటపడే పరిశ్రమ అది. ఆ అలవాటుతో వచ్చే మనిషికి కొత్తగా నేర్పాల్సినది కొంత తగ్గుతుంది.

పాలిటెక్నిక్ చదివినవాళ్లకు ఇండస్ట్రియల్ ట్రైనింగ్ ఉంటుంది. ఏ షాపులో, ఏ మెషిన్ మీద, ఏ పని చూశారో రాయండి. నాన్నగారి కిరాణా కొట్లో రోజువారీ లెక్కలు చూసి ఉంటే, సేల్స్ ఉద్యోగానికి అది అనుభవమే. పదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెప్పి ఉంటే స్కూలు ఉద్యోగానికి అది అనుభవమే. ఏ పాఠం చెప్పారు, వెనకబడిన పిల్లలకు ఎలా నేర్పారు అన్నది రెండు వాక్యాల్లో రాసి, డెమో క్లాసు చెప్పడానికి సిద్ధమని ముగించండి. ఎన్ఎస్ఎస్ క్యాంపులో నలభైమందికి భోజనాల ఏర్పాటు మీ మీద పడి ఉంటే, అడ్మిన్ ఉద్యోగానికి అదీ పనికొస్తుంది. అడిగే ఉద్యోగానికి సంబంధం లేనిది మాత్రం, ఎంత ముచ్చటగా ఉన్నా, వదిలేయండి.

చెప్పడానికి ఇబ్బందిగా ఉండే విషయాలు

మధ్యలో ఉద్యోగం లేని కాలం గురించి చాలామందికి, ముఖ్యంగా పిల్లల కోసం ఉద్యోగం మానేసిన తల్లులకు, భయం ఉంటుంది. రామానుజన్ పద్ధతే ఇక్కడా పనికొస్తుంది. ఒక్క వాక్యంలో కారణం, ఆ వెంటనే ఇప్పటి సంగతి. "2021 నుంచి మూడేళ్లు పాపను చూసుకోవడానికి ఉద్యోగం మానేశాను. ఏడాదిగా మా వీధిలోని మందుల షాపు లెక్కలు ట్యాలీ ప్రైమ్‌లో చూస్తున్నాను." ఇంతకుమించి సంజాయిషీ అక్కర్లేదు. ఇంటికోసం, జబ్బుపడిన పెద్దవాళ్లకోసం ఆగినందుకు ఎవరూ సిగ్గుపడాల్సిన పనిలేదు.

ఉన్న ఉద్యోగం ఎందుకు మానేస్తున్నారో ఉత్తరంలో రాయకండి. పాత మేనేజరు మీద ఫిర్యాదు అసలే వద్దు. మీ మాట నిజమే కావచ్చు, చదివేవాళ్లకు అవతలివైపు కథ తెలియదు. ఇంటర్వ్యూలో అడిగితే ముక్తసరిగా చెప్పొచ్చు.

జీతం సంగతి ప్రకటనలో అడిగితేనే రాయండి. అడిగినప్పుడు దాటవేయకండి. ఇప్పటి సీటీసీ, ఆశిస్తున్నది చివరి పేరాలో ఒక్క వాక్యంలో చెప్పండి. నోటీస్ పీరియడ్, ఊరు మారే వీలు ఎవరూ అడక్కపోయినా రాయడం మంచిది. మన దగ్గర కంపెనీలు మొదటి ఫోన్లోనే అడిగేవి అవే.

లేని అనుభవాన్ని మాత్రం రాయకండి. డబ్బు తీసుకుని దొంగ అనుభవ పత్రాలు ఇప్పిస్తామనేవాళ్లు ఉన్నారు. వాళ్ల మాట నమ్మకండి. పీఎఫ్ యూఏఎన్ నంబరు కింద ఏ సంస్థలో ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో నమోదై ఉంటుంది. ఫారం-16, జీతం పడిన బ్యాంకు ఖాతా ఉంటాయి. చేరాక జరిగే వెరిఫికేషన్‌లో అబద్ధం బయటపడితే ఆ ఉద్యోగం పోవడంతో ఆగదు, తర్వాతి ఉద్యోగానికీ మచ్చ వెంట వస్తుంది. అలాగే దరఖాస్తుకో, ట్రైనింగుకో, డిపాజిట్టుకో డబ్బు కట్టమని అడిగే ప్రకటనకు ఉత్తరం రాయడమే అనవసరం.

ఇంగ్లీషు గురించి బెంగ వద్దు

తెలుగు మీడియంలో చదివినవాళ్లను ఉత్తరం దగ్గర ఆపేది చాలాసార్లు ఇంగ్లీషు. పెద్ద మాటలు రాకపోతే చిన్నచూపు చూస్తారన్న భయంతో పుస్తకాల్లోంచి, నెట్లోంచి బరువైన వాక్యాలు ఏరుకొస్తారు. ఉత్తరం దెబ్బతినేది అక్కడే. ముందు తెలుగులో రాసుకోండి, పైన చూసిన నమూనాలాగా. తర్వాత ఒక్కో వాక్యాన్ని మీకొచ్చిన చిన్న ఇంగ్లీషు మాటల్లోకి మార్చండి. వాక్యానికి ఒక విషయం చాలు. రాశాక ఇంగ్లీషు బాగా వచ్చిన స్నేహితురాలికో, పాత లెక్చరరుకో చూపించండి. వ్యాకరణం తప్పులు ఇంకొకరు దిద్దగలరు. మీరు ఏం పని చేశారన్నది మీరే రాయాలి.

కొన్ని పాత మర్యాదలు వదిలేయొచ్చు. 'రెస్పెక్టెడ్ సర్ ఆర్ మేడమ్' అని మొదలుపెట్టడం, 'ఐ బెగ్ టు అప్లై' అనడం, 'కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్' అని ముగించడం, 'యువర్స్ ఒబీడియంట్లీ' అని సంతకం పెట్టడం బ్రిటిష్ కాలం ఆఫీసుల నుంచి వచ్చినవి. 1912 నాటి దరఖాస్తుల్లో అవి సహజం. ఇప్పుడు మీరు వేడుకోవడం లేదు, మీ పనిని ముందుకు తెస్తున్నారు. ప్రకటనలో పేరు ఉంటే 'డియర్' అని ఆ పేరు రాయండి. లేకపోతే 'డియర్ హైరింగ్ మేనేజర్' చాలు. 'మైసెల్ఫ్' అని మొదలుపెట్టకండి, 'ఐ యామ్' అనండి. చివర 'సిన్సియర్లీ' అనో 'రిగార్డ్స్' అనో రాసి పేరు, ఫోన్ నంబరు పెట్టండి.

చాట్‌జీపీటీలాంటి వాటితో రాయించుకోవడం ఇప్పుడు మామూలైంది. భాష దిద్దించుకోవడానికి నిక్షేపంగా వాడుకోండి. కానీ ఉద్యోగం పేరు ఒక్కటే ఇచ్చి మొత్తం ఉత్తరం రాయమంటే, అదే మాట అడిగిన పదిమందికీ ఇంచుమించు ఒకే ఉత్తరం వస్తుంది. మళ్లీ ఎవరి సంతకమైనా సరిపోయే ఉత్తరమే చేతికొస్తుంది. మడతపెట్టిన కాగితం మీద రాసుకున్న రెండు వరుసలూ ముందు దానికి ఇవ్వండి. అది రాసిచ్చినదాంట్లో మీరు చేయని పని ఒక్కటి చేరినా కొట్టేయండి. ఇంటర్వ్యూలో ఆ వాక్యం చూపించి అడిగితే జవాబు చెప్పాల్సింది మీరే.

మెయిల్, వాట్సాప్

ఉత్తరాన్ని మెయిల్లోనే రాయండి, ప్రత్యేకంగా ఫైలు అడిగితే తప్ప. ఖాళీ మెయిలుకు రెండు ఫైళ్లు తగిలించి పంపితే తెరిచే ఓపిక చాలామందికి ఉండదు. సబ్జెక్టులో ఉద్యోగం పేరు, ప్రకటనలో కోడ్ ఉంటే ఆ కోడ్, మీ పేరు, అనుభవం రాయండి. రెజ్యూమే పీడీఎఫ్‌లో ఉండాలి. ఫైలు పేరులో మీ పేరు ఉండాలి. 'న్యూ ఫైనల్ 2' అన్న పేరుతో పంపితే వందల ఫైళ్ల మధ్య దాన్ని మళ్లీ వెతకడం వాళ్లకు కష్టం. ముందు ఫైలు జతచేసి, ఉత్తరం రాసి, చివర మెయిల్ ఐడీ టైపు చేయండి. సగం రాసిన ఉత్తరం పొరపాటున వెళ్లిపోయే ప్రమాదం ఉండదు. ఇరవై కంపెనీల ఐడీలు ఒకేసారి పెట్టి పంపకండి. ఆ ఐడీలన్నీ అందరికీ కనిపిస్తాయి, తమకోసం రాసిన ఉత్తరం కాదని మొదటి క్షణంలోనే తెలిసిపోతుంది.

మన ఊళ్లలో చిన్న కంపెనీలు, షోరూములు, ఆసుపత్రులు చాలావరకు 'వివరాలు వాట్సాప్ చేయండి' అంటున్నాయి. అక్కడా ఇదే పద్ధతి, ఇంకా కుదించి. ఫైలు ఒక్కటి పడేసి ఊరుకోకుండా నాలుగు వాక్యాలు రాయండి: "నమస్తే అండి. బిల్లింగ్ ఉద్యోగం ప్రకటన చూశాను. రెండేళ్లు సూపర్ మార్కెట్‌లో బిల్లింగ్, రోజు చివర క్యాష్ అప్పగింత చూశాను. వచ్చే నెల 1 నుంచి చేరగలను. రెజ్యూమే పంపుతున్నాను." రాత్రి పది తర్వాత పంపకండి. వాయిస్ మెసేజీలు వద్దు.

పంపిన వారం పదిరోజుల దాకా కబురు రాకపోతే అదే మెయిలుకు రిప్లైగా రెండు వాక్యాల్లో గుర్తుచేయొచ్చు. ఒక్కసారి చాలు. అప్పటికీ జవాబు రాకపోతే మీలో లోపం ఉన్నట్టు కాదు. ఆ పోస్టు ఆగిపోయి ఉండొచ్చు, లోపలివాళ్లకే ఇచ్చి ఉండొచ్చు. తర్వాతి ప్రకటన చూసుకోండి.

విదేశాలకు రాసేటప్పుడు

అమెరికా, బ్రిటన్, కెనడాల్లో ఉద్యోగాలకు రాసే మనవాళ్లు ఇక్కడి అలవాటుకొద్దీ తండ్రి పేరు, పుట్టిన తేదీ, మతం, పెళ్లి వివరాలు, ఫోటో పెడతారు. అక్కడ అవేవీ పెట్టరు. చివర్లో 'పై వివరాలన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను' అన్న ప్రకటన కూడా అక్కర్లేదు. వీసా పరిస్థితి, అక్కడ పనిచేసే అనుమతి ఉందా అన్నది మాత్రం ఒక్క వాక్యంలో స్పష్టంగా చెప్పాలి. బ్రిటన్‌లో ఎన్‌హెచ్ఎస్ (ప్రభుత్వ ఆరోగ్య సేవ) ఉద్యోగాలకు వెళ్లే నర్సులు, డాక్టర్లు 'పర్సన్ స్పెసిఫికేషన్' అనే పట్టికను జాగ్రత్తగా చదవాలి. తప్పనిసరిగా ఉండాల్సినవి, ఉంటే మంచివి అని అందులో విడివిడిగా ఇస్తారు. దరఖాస్తులో రాసే వివరణ ఆ పట్టికలోని ఒక్కో అంశానికి, మీ వార్డు అనుభవం నుంచి ఉదాహరణతో, జవాబు చెప్పాలి. కాగితాన్ని నిలువుగా మడిచి చేసిన పని ఇక్కడ ఉన్నదున్నట్టు పనికొస్తుంది.

ఉత్తరం పంపే ముందు

ఒకసారి పైకి చదవండి. నాలుక తడబడిన చోట వాక్యం పొడవైందని అర్థం, రెండు చేయండి. కంపెనీ పేరు, ఉద్యోగం పేరు ప్రకటనతో పోల్చి చూడండి. తర్వాత మీ పేరు కొట్టేసి, మీ క్లాస్‌మేటు పేరు పెట్టి చదవండి. ఉత్తరం అప్పటికీ సరిగ్గానే అతికితే ఇంకా మీది కాలేదన్నమాట. మీరు మాత్రమే రాయగలిగే వాక్యాలు కనీసం రెండు ఉండేదాకా దిద్దండి.

ఈ రెండు వాక్యాలు అవసరమైన రోజున గుర్తురావడం కష్టం. మూడేళ్లు చేసిన పనిని రాత్రికి రాత్రి తవ్వుకుంటే దొరికేది 'అకౌంట్స్ చూశాను' అన్న ఒక్క ముక్కే. అందుకే ఉద్యోగం మారే ఆలోచన లేకపోయినా, జీతం పడిన రోజున ఓ పావుగంట కూర్చుని, ఆ నెలలో చేసిన పనులు నోట్‌బుక్‌లో నాలుగు లైన్లు రాసుకోండి. ఏ సమస్య వచ్చింది, మీరేం చేశారు, ఎంత తేడా పడింది. కంపెనీ కాగితాలు, పార్టీల వివరాలు ఇంటికి తెచ్చుకోవద్దు, మీ పని వరకు రాసుకోండి చాలు. ఏడాది తిరిగేసరికి నలభై యాభై లైన్లు పోగవుతాయి. జీతం పెంచమని అడిగే రోజున అవే మీ వాదన. కొత్త ప్రకటన కనబడిన రోజున అందులోంచి మూడు లైన్లు తీసి జవాబు రాయండి.